సముద్రుని అనుజ్ఞ

శ్రీమద్రామాయణమున యుద్ధకాండయందు ఒక ఘట్టము కలదు. దక్షిణసముద్రతీరమున వానరసేన విడిసియున్నది. ఆవలియొడ్డున లంకలో సీతమ్మ రాక్షసస్త్రీల నడుమ దినములు లెక్కించుకొనుచున్నది. రావణుడు విధించిన గడువు కరగిపోవుచున్నది. అట్టి సమయమున శ్రీరామచంద్రుడు చేసిన పని యేమి? తీరమున దర్భలు పఱచుకొని, బాహువును తలగడగా చేసికొని, సముద్రునకు అంజలి ఘటించి మూడురాత్రులు శయనించెను. దారి యిమ్మని యడిగెను.

ఈ ఘట్టము చదువునపుడు సామాన్యపాఠకునకు కొంత తొందర కలుగుట సహజము. ఒక్క బాణముతో సముద్రమును ఇంకింపగల వీరుడు ఏల అడుగవలెను? పైగా అతనికి వంశక్రమముగ వచ్చిన హక్కు కూడ నున్నది. సాగరమును త్రవ్వించినవారు సగరపుత్రులు. రాముడు ఆ వంశమువాడు. విభీషణుడు ఆలోచన చెప్పినపుడు ఈ బంధుత్వమునే ఎత్తి చూపెను. శక్తియు కలదు, హక్కును కలదు, అవసరమును మిక్కుటముగ కలదు. అయినను స్వామి అడిగెను. అడిగి ఊరకుండలేదు, జవాబు కొఱకు వేచియుండెను.

పెద్దలు ఇచట ఒక విశేషమును చెప్పుచుందురు. విభీషణుడు రాముని శరణుజొచ్చెను. ఫలము వెంటనే లభించెను. రాముడు సముద్రుని శరణుజొచ్చెను. మూడుదినములైనను ఫలము కలుగలేదు. శరణాగతి యందు లోపము లేదు, శరణ్యుని యందే భేదమని వారి వ్యాఖ్యానము. అది మిక్కిలి రమ్యమైన మాట. అయితే దానికి ముందు అడుగదగిన ప్రశ్న మఱియొకటి మిగిలియున్నది. బలము గలవాడు తనది కాని చోటుగుండ పోవునపుడు అనుజ్ఞ కోరవలసినదేనా? కోరుటకు అచట ఎవ్వరును కనబడనిచో ఆ విధి తొలగిపోవునా?

ఈ ప్రశ్నకు సముద్రముకంటె తగిన పరీక్షాస్థలము లేదు. బౌధాయనధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చినది. ఆ గ్రంథమే వేఱొకచోట దానిని ఉత్తరదేశీయుల ఆచారములలో ఒకటిగ పేర్కొన్నది. నిషేధము చెప్పిన నాడును నౌకలు తిరుగుచునే యుండెనన్న మాట. లేనిదానిని ఎవ్వరును నిషేధింపరు గదా! అయితే ఆ నౌకలు వర్తకము కొఱకు, యుద్ధము కొఱకు, చేపలవేట కొఱకు తిరిగినవి. కేవలము విహారమునకై ఒక కుటుంబము స్వంత నౌకను ఉంచుకొని నెలల తరబడి తీరము వెంట సంచరించుట ఇటీవలి కాలపు మాట. దానిని సుగమము చేసినది మోటారు ఇంజను. తెరచాప ప్రతిక్షణమును గాలిని అడుగుచుండును; గాలి లేదన్నచో నిలిచిపోవును. మోటారు అట్లడుగదు. నూనె యున్నంతవఱకు తనకు తోచిన దిక్కునకు పోవును. కావున మోటారు నౌక యజమానునకు తాను ఎవ్వరిని అడుగనక్కరలేదను భ్రమ కలుగుటకు అవకాశమెక్కువ. ఆ భ్రమ ఎంతవఱకు నిలుచునో తెలియుటకు ఉత్తర అమెరికా ఖండపు పడమటి తీరమందలి ఒక జలమార్గమును, దానియందు సంచరించిన ఒక తల్లి చరిత్రమును చూచుట యుక్తము.

కెనడా దేశమున బ్రిటిష్ కొలంబియా తీరమున వాంకూవర్ ద్వీపము పొడవుగ పడియున్నది. దాని పొడవు సుమారు 450 కిలోమీటర్లు. ఆ ద్వీపమునకును ప్రధానభూమికిని నడుమ వందలకొలది చిన్నద్వీపములు, వాని సందులలో సన్నని జలమార్గములు, కొండల నడుమకు చొచ్చుకొనిపోయిన లోతైన సముద్రపుపాయలు కలవు. ఈ మార్గమే ఉత్తరముగ సాగి అలాస్కా వఱకు సుమారు వేయిమైళ్ళు పోవును. బహిస్సముద్రపు అలల తాకిడి లేకుండ ద్వీపముల చాటున పోవచ్చును గనుక చిన్ననౌకలకు ఇది రాజమార్గము. వేసవి నెలలలో స్వంత మోటారు నౌకలు నేటికిని బారులుగ ఈ దారిని పోవుచుండును.

అలలు లేవు గదా, ఇక భయమేల అందురేమో. ఇచటి భయము వేఱు. ప్రతిదినమును మహాసముద్రము ఈ ద్వీపమునకు ఉత్తరపు కొననుండియు దక్షిణపు కొననుండియు లోనికి ప్రవేశించును. రెండువైపులనుండి వచ్చిన పోటు నడుమ కలిసికొనును. ఇరుకైన సందులకు ఈవల నీటిమట్టమొకటి, ఆవల మట్టము మఱియొకటి. ఆ తేడాను సరిచేసికొనుటకు నీరు ఆ సందులగుండ కొండవాగువలె పరుగెత్తును, సుడులు తిరుగును. ఆటుపోటుల నడుమ కొన్ని నిమిషములు మాత్రము నీరు ఎటును పోక నిలిచియుండును. ఆ నిమిషములే ద్వారము తెఱచు వేళ. పంచాంగమువలె ముద్రింపబడిన పట్టికలలో ఆ వేళలు చూచుకొని నావికులు ద్వారము ముందు వేచియుందురు. నౌక చిన్నదైనను పెద్దదైనను, పేదదైనను ధనికునిదైనను, వేచియుండుట యొక్కటే.

ఆ జలములలో సంచరించిన తల్లి పేరు మ్యూరియల్ వైలీ బ్లాంచెట్. 1891లో జన్మించినది. భర్తతో కలిసి దేశపు తూర్పుభాగము విడిచి వాంకూవర్ ద్వీపమున సిడ్నీ అను ఊరి సమీపమున సముద్రపుటొడ్డున కాపురముండెను. వారికి 25 అడుగుల పొడవు గల చిన్న మోటారు నౌక యొకటి యుండెను. పేరు 'కప్రీస్', మనసు పుట్టినట్లు చేయుట, చాపల్యము అని ఆ మాటకు అర్థము. 1926–27 ప్రాంతమున భర్త ఆ నౌకలో ఒంటరిగ పోయెను. నౌక దొరకెను, ఆయన మరల రాలేదు. ముప్పది యైదేండ్ల వయస్సున ఆమె ఐదుగురు బిడ్డలతో మిగిలెను.

లోకములో ఇట్టి స్థితి కలిగిన స్త్రీ ఆ నౌకను కన్నెత్తి చూడదని ఎవరైనను తలంతురు. ఆమె అట్లు చేయలేదు. ప్రతి వేసవియందును ఇంటిని అద్దెకిచ్చి, బిడ్డలనైదుగురిని అదే నౌకలో ఎక్కించుకొని, నెలల తరబడి ఉత్తరముగ ఆ సందులగుండ సంచరించెను. ఇంజను చెడినచో తానే బాగుచేసికొనెను. కెప్టెన్ అను మాటను కుదించి పెట్టిన ముద్దుపేరు ఆమెకు నిలిచిపోయెను. పెక్కేండ్ల పిదప ఆ వేసవులనన్నిటిని కలిపి ఒక గ్రంథము వ్రాసెను. 'ది కర్వ్ ఆఫ్ టైమ్' అను ఆ గ్రంథము 1961లో వెలువడెను. ఆ సంవత్సరముననే ఆమె మరణించెను. భర్తను గూర్చి ఆ గ్రంథమున దాదాపు ఏమియు లేదు. కొందఱికి అది కాఠిన్యముగ తోచవచ్చును. పుట్టెడు దుఃఖమును మ్రింగి పిల్లలకు అన్నము కలిపి పెట్టు తల్లులు ప్రతి గ్రామమునందును కలరు. వారి మౌనమును కాఠిన్యమని ఎవ్వరును అనరు.

తండ్రి లేని ఐదుగురు బిడ్డలను, తండ్రిని పోగొట్టిన నౌకలోనే, సుడులు తిరుగు నీళ్ళలోనికి కొనిపోవుట ధర్మమా అను ప్రశ్నకు ముందుగ సమాధానము చెప్పుకొనవలెను. బిడ్డలు ఆ తల్లి స్వంతము కారు. వారి ప్రాణములతో సాహసము చేయుటకు ఆమెకు అధికారము లేదు. ఈ మాట నిజము. అయితే సాహసమునకును ప్రయాణమునకును గల భేదమును ఆమె నడచిన తీరునుబట్టి నిర్ణయింపవలెను గాని నౌక పేరునుబట్టి కాదు.

జెర్విస్ అను పెద్దపాయనుండి ప్రిన్సెస్ లూయీసా అను చిన్నపాయ చీలుచున్నది. ఇరువైపుల నిట్రముగ లేచిన కొండలు, చివఱ ఒక జలపాతము. ఆ అందము చూడవలెనని నావికులు దూరదూరములనుండి వత్తురు. దాని ముఖద్వారము మాత్రము మిక్కిలి యిరుకు. మాలిబు సుడులని దానికి పేరు. ఆటుపోటుల వేళ అచట నీరు గంటకు తొమ్మిది నాట్ల వేగముతో పరుగెత్తును. చిన్న మోటారు నౌక తన బలమంతయు వినియోగించినను దానికి ఎదురు పోజాలదు. వాలున పోయినచో చుక్కాని పట్టు తప్పును. కావున ద్వారమునకు వెలుపల నిలిచి నీరు శాంతించువఱకు వేచియుండవలసినదే. ఐదుగురు పిల్లలు గల ఇరుకు పడవలో 'ఇంకను ఎంతసేపు' అను ప్రశ్న నడుమ ఓర్పుతో వేచియుండుట ఎట్టి తపస్సో గృహిణులెఱుగుదురు. ఆమె అట్లు వేసవి వెంబడి వేసవి వేచియుండెను. చాపల్యమను పేరుగల నౌకలో చాపల్యమునకు చోటు లేకపోయెను.

కావున దీనిని సాహసమనుట పొసగదు. తనకంటె పెద్దదాని ముందు నిలిచి, దాని స్వభావము నెఱిగి, అది సమ్మతించిన వేళ మాత్రమే అడుగు వేయుట సాహసము కాదు. బిడ్డలు ఆ వేసవులలో చదువుకొన్న మొదటిపాఠము ఇదియే యనుకొనవచ్చును.

స్వభావమన్న మాట వచ్చినది గనుక మరల రాముని కడకు పోవుదము. మూడుదినములు గడచిన పిదప స్వామికి ఆగ్రహము కలిగెను. విల్లెక్కుపెట్టెను. అపుడు సముద్రుడు ప్రత్యక్షమై చెప్పినదేమి? భూమి, గాలి, ఆకాశము, నీరు, నిప్పు తమ తమ స్వభావములయందు నిలిచియుండునవి; అగాధముగ, దాటరానిదిగ ఉండుట తన స్వభావము; దానిని తాను విడువజాలడు. అయితే నలుడు సేతువును కట్టినచో దానిని మోయుదునని మాటయిచ్చెను. ఇచట గమనింపదగినది యేమనగా, అనుజ్ఞ లభించెను గాని సముద్రము సముద్రముగానే యుండెను. అడుగుట యనగా ఎదుటివానిని తనవంటివానిగ మార్చుకొనుట కాదు. వాని స్వభావమును తెలిసికొని, దానికి భంగము లేకుండ దారి వెదకుకొనుట.

విల్లెక్కుపెట్టిన సంగతిని కూడ మఱువరాదు. అనుజ్ఞ కోరుట దౌర్బల్యము కాదని చెప్పుటకు వాల్మీకి ఆ భాగమును వ్రాసెను. పైన చెప్పిన జలమార్గముననే సీమోర్ సందునందు నీటి అడుగున రిపుల్ రాక్ అను జంటశిఖరముల శిల యొకటి యుండెను. ఆటువేళ దానిపై తొమ్మిది అడుగుల నీరు మాత్రమే నిలుచును. ప్రవాహము గంటకు పదునైదు నాట్ల వఱకు పోవును. ఆ శిలవలన ఇరువది పెద్ద ఓడలును, నూఱుకు మించిన చిన్ననౌకలును మునిగెను లేక దెబ్బతినెను. 110 మందికి తక్కువ కాకుండ ప్రాణములు కోల్పోయిరి. తుదకు ప్రక్కనున్న ద్వీపమునుండి సముద్రపుటడుగున సొరంగము త్రవ్వి, శిల లోపల వేయి టన్నులకు మించిన ప్రేలుడు పదార్థమును నింపి, 1958 ఏప్రిల్ 5వ తేదీన దానిని పగులగొట్టిరి. ప్రాణరక్షణకై చేసిన ఆ పనిని ఎవ్వరును తప్పుపట్టరు. అయితే శిల పోయినను ప్రవాహము పోలేదు. నేటికిని ఆ సందు ముందు నౌకలు నీరు నిలుచు వేళకై వేచియుండవలసినదే.

నీటిమీద ఆ తల్లి తప్పటడుగు వేయలేదు. ఇక నేలమీద జరిగినదానిని చూడవలెను. అసలు చిక్కు అచటనే యున్నది.

ఆ ద్వీపములు నిర్మానుష్యములు కావు. వేలయేండ్లుగ అచట పెక్కు జాతులవారు నివసించుచున్నారు. ఉత్తరభాగమున క్వాక్వకవాక్వ అను జనులు కలరు. దేవదారు మ్రాకులతో వారు పెద్దపెద్ద గృహములను నిర్మింతురు. స్తంభములపై గ్రద్ద, తోడేలు, తిమింగలము మున్నగు రూపములను చెక్కుదురు. పూర్వము శీతకాలమంతయు గ్రామములలో కలిసియుండి కుల పెద్దల పేర, పూర్వుల పేర ఉత్సవములు చేసికొనుచుండిరి. వేసవి రాగానే చేపలు పట్టు స్థలములకు కుటుంబములతో తరలిపోవుచుండిరి. విహారనౌకలు వచ్చునది వేసవియందే. కావున బ్లాంచెట్ కుటుంబము దిగినపుడు ఆ శీతకాలపు గ్రామములు శూన్యముగ నుండెను. వారు ఒడ్డున దిగి, ఆ గృహములలో ప్రవేశించి, అచటి స్తంభములను వస్తువులను చూచిరి. అడుగుటకు ఎదుట ఎవ్వరును లేరు.

దీనిని పెద్దదోషముగ ఎంచువారు కలరు. వట్టి కుతూహలముగ కొట్టిపాఱవేయువారును కలరు. ఆమె పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. ద్వేషముతో పోలేదు, ఆ జనుల కళను గౌరవించినది, చదివినది, బిడ్డలకు చెప్పినది, గ్రంథములో వ్రాసినది. ఆ కాలమున ఆ దారిని పోయిన పెక్కుమంది ఆమాత్రపు గౌరవమును కూడ చూపలేదు. అయినను ఊరివారందఱు తీర్థమునకు పోయినపుడు తలుపు తీసికొని ఇంటిలోనికి వచ్చి దేవుని గూడును చూచి పోయిన బాటసారిని మనమేమందుము? దొంగ యనము. అతిథి యనియు అనజాలము.

ఇచట ఆంజనేయస్వామి గుర్తునకు వచ్చుట సహజము. ఆయనయు సముద్రము దాటి, రాత్రివేళ, ఎవ్వరి అనుజ్ఞయు లేకుండ, లంకలో ఇల్లిల్లు తిరిగెను. రావణుని అంతఃపురమున నిద్రించుచున్న స్త్రీలను చూచెను. ఆయనకు ప్రభుకార్యము కలదు. సీతమ్మను స్త్రీల నడుమ వెదకక ఎచట వెదకగలడు? కార్యము ఇంత నిర్దుష్టమైనను ఆ మహానుభావునకు శంక కలిగెను. పరస్త్రీలను నిద్రావస్థలో చూచితినే, ధర్మలోపము కాలేదు గదా యని ఆగి తన మనస్సును పరీక్షించుకొనెను. మనస్సున వికారము లేదని నిశ్చయించుకొన్న పిదపనే ముందునకు సాగెను. అనుజ్ఞ లేకుండ ప్రవేశింపవలసివచ్చినవాడు చేయవలసిన కనీసపు పని అది: ఆగుట, తన్ను తాను అడుగుకొనుట. విహారమునకై వచ్చినవానికి ప్రభుకార్యమైనను లేదు. అట్టివాడు మఱింత ఎక్కువసేపు ఆగవలెను గదా.

యజమానుడు ఎదుట లేనపుడు సొత్తు ఎవ్వరిది అను ప్రశ్న తెలుగుతీరమునకు క్రొత్తది కాదు. పూర్వము తుపానుకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను తీరమునేలు రాజులు తమదిగ చేసికొనుచుండిరి. ఓడవారు దిక్కులేనివారై నిలిచియుందురు, అడ్డుచెప్పువాడు లేడు, సముద్రమే తెచ్చియిచ్చినదని సమర్థన. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244–45లో మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించి ఈ ఆచారమును మాన్పెను. ప్రాణములకు తెగించి సముద్రమున సంచరించు వర్తకులపై దయతో, నియతమైన సుంకము తప్ప మఱేమియు కొనమని అందు ప్రకటించెను. ముప్పదింట ఒకవంతు మాత్రమే సుంకము. ఆ సొత్తును కొనుటకు రాజునకు బలము కలదు, ఆచారము కలదు, అడుగువాడు లేడు. వద్దనుకొనెను. అడ్డుచెప్పువాడు లేకపోవుటను అనుజ్ఞగ భావింపరాదని ఆ రాజు శిలపై వ్రాయించినట్లయినది.

దూరతీరమున ఆ జనులకు ఇట్టి అభయము లభింపలేదు. వారి ఉత్సవమునకు పాట్లాచ్ అని పేరు. పేరు పెట్టుట, వివాహము, పెద్దల మరణము మున్నగు సమయములలో గృహయజమానుడు అతిథులను పిలిచి, ముఖావరణములు ధరించి చేయు నృత్యములతో తన వంశకథను ప్రదర్శించి, తాను కూడబెట్టిన కంబళ్ళను, పాత్రలను, ఆహారమును వచ్చినవారికందఱికిని పంచిపెట్టును. పుచ్చుకొన్నవారు సాక్షులగుదురు. ఎవ్వడెంత దాచెనని గాక ఎవ్వడెంత యిచ్చెనని వారి గౌరవము నిర్ణయింపబడును. రఘుమహారాజు విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసి, తుదకు కౌత్సునకు మట్టిపాత్రలో అర్ఘ్యమిచ్చినాడని కాళిదాసు చెప్పగా చదివినవారికి ఇది వింత కాదు. కెనడా ప్రభుత్వమునకు మాత్రము ఇది అపరాధముగ తోచెను. 1884లో చేయబడి 1885 నుండి అమలైన చట్టము ఆ ఉత్సవమును నిషేధించెను. 1921 డిసెంబరులో విలేజ్ ఐలండ్ అను ద్వీపమున డాన్ క్రాన్మర్ అను పెద్ద జరిపిన పాట్లాచ్ పిదప 45 మందిపై నేరము మోపబడెను. ముఖావరణములు, రాగిపలకలు, గిలుకలు మున్నగు పరికరములను అప్పగించినచో శిక్ష తప్పునని బేరము పెట్టిరి. అప్పగింపనివారు చెఱసాలకు పోయిరి. పరికరములు ఓటావాకు, టొరాంటోకు పోయెను; కొన్ని అమ్ముడై న్యూయార్కు చేరెను.

బ్లాంచెట్ నౌక ఆ గ్రామములలో లంగరు వేసినది ఈ సంఘటనకు కొద్ది సంవత్సరముల తరువాతనే. ఆమె చూచిన శూన్యమున కొంత వేసవి చేసినది. మఱికొంత చట్టము చేసినది. సుడులముందు అంత శ్రద్ధతో వేచియున్న తల్లి, గుమ్మములముందు అట్లు వేచియుండలేదన్నచో అందుకు కారణము ఆమె దుష్టత్వము కాదు. నీరు ఎదురుతిరుగును. అడుగకుండ పోయినవానిని అది వెంటనే శిక్షించును. శూన్యగృహము ఎదురుతిరుగదు. మనుష్యుడు శిక్షించుదానిని గౌరవించుట త్వరగ నేర్చును. మౌనముగ నుండుదానిని గౌరవించుట నేర్చుటకు చాలకాలము పట్టును. మూడుదినములు పలుకక యున్న సముద్రునిముందు రాముడు చూపిన ఓర్పు గొప్పదనము ఇచట తెలియుచున్నది.

వైష్ణవులకు ఈ ధర్మము మఱింత సన్నిహితము. ఏలయన, సర్వమును తనదైన స్వామియే అడుగుచు వచ్చినాడు. మూడులోకములు తనవైయుండగా వామనుడై బలిచక్రవర్తి యజ్ఞవాటికకు పోయి మూడడుగుల నేల యాచించెను. వేంకటాద్రిపై నివసింపగోరిన శ్రీనివాసుడు, అంతకుముందే అచట వెలసియున్న వరాహస్వామిని స్థలము యాచించెనని స్థలపురాణము. మూల్యముగ చెల్లించుటకు ధనము లేక, తొలిపూజ, తొలినైవేద్యము, తొలిదర్శనము వరాహస్వామికే యని మాటయిచ్చెను. నేటికిని ఆ ఒప్పందము చెల్లుచున్నది. తొందరపడి పుష్కరిణి ప్రక్కనుండియే నేరుగ పెద్దగుడికి పరుగెత్తు యాత్రికులు ఒక్కసారి ఈ సంగతిని తలపోయవలెను. కొండనెక్కుటకు పాదము మోపుట కూడ అపచారమని భయపడి రామానుజులవారు మోకాళ్ళతో నెక్కిరని సంప్రదాయము. అడుగు పెట్టుటకు ముందు అడుగుట అనునది వారికి ప్రాణసమానము.

ఆ దూరతీరమునను ఇట్టి బుద్ధి గలవాడొకడు కానవచ్చుచున్నాడు. ప్రిన్సెస్ లూయీసా పాయ చివఱ జలపాతము చెంత భూమిని జేమ్స్ మాక్డోనాల్డ్ అనునతడు 1927లో సంపాదించి, మ్రాకులతో ఇల్లు కట్టుకొని వేసవులందు నివసించెను. కప్రీస్ వచ్చినపుడు ఆ పిల్లలకు అతడు స్నేహితుడు. ఆ స్థలము వెల నానాటికిని పెరిగెను. అతడు దానిని అమ్మలేదు; 1953లో నావికులందఱి ఉపయోగమునకై ఒక సంఘమునకు అప్పగించెను. పిదప అది ప్రభుత్వపు రక్షితవనములో చేరెను. కాగితము మీద యజమానుడైనవాడు కూడ తాను కాపలాదారుడనే యనుకొన్నచో నడచు తీరు ఇట్లుండును. ఈశావాస్యోపనిషత్తు మొదటనే చెప్పిన మాట, ఆ ఉపనిషత్తు పేరైనను వినని దేశమున, ఒక మ్రాకుల యింటిలో ఆచరణకు వచ్చినది.

పాట్లాచ్ నిషేధము 1951లో చట్టమునుండి తొలగిపోయెను. అప్పటినుండి ఆ జనులు తమ పరికరములను తిరిగి యిమ్మని అడుగసాగిరి. వారి అడుగుట ఏండ్ల తరబడి సాగెను. 1980లో అలర్ట్ బే అను గ్రామమున, తిరిగి వచ్చిన వస్తువుల కొఱకు ఒక మందిరమును తెఱచిరి. దానికి ఉమిస్తా అని పేరు. పూర్వము శత్రువులు చెఱపట్టి కొనిపోయినవారు ఏదో విధముగ ఇల్లు చేరినపుడు ఆ భాగ్యమును వారు ఉమిస్తా యనుచుండిరట. నేడు విహారనౌకలు ఆ రేవున ఆగుచున్నవి. యాత్రికులు ద్వారము కడ రుసుము చెల్లించి, అచటివారు చెప్పగా విని, లోనికి పోవుదురు. ఉత్సవమున ప్రవేశించు వరుసలోనే ముఖావరణములు నిలిపియుండును. వానికి అద్దపు పెట్టెలు లేవు. చాలకాలము బంధింపబడియుండినవి గనుక మరల మూసిపెట్టరాదని వారు నిశ్చయించుకొనిరి.